గట్టు శుభ్రం చేశాం, ట్రాక్టరు కిరాయి ఎవరివ్వాలి?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: ఊరు, పంచాయతీ, నిధులు

ప్రశ్న: మాది రాజోలు ప్రాంతంలోని ఒక గ్రామం. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మా వీధి కుర్రాళ్లమంతా కలిసి, ఊళ్లోంచి పోయే పంటకాలువ అడుగునా గట్టు మీదా పేరుకుపోయిన చెత్తనంతా తీసి సిమెంటు సంచుల్లో నింపాం. తరలించడానికి ట్రాక్టరు ఇమ్మని పంచాయతీని అడిగితే, కాలువ తమది కాదనీ, ఇలాంటి పనికి పద్దు లేదనీ అన్నారు. చివరకు చందాలు వేసుకుని కిరాయి చెల్లించాం. నిజంగానే పద్దు లేదా? వచ్చే ఏడాది ముందుగా ఎవరిని అడగాలి?
— ఒక యువ పాఠకుడు

జవాబు: మీకు చెప్పిన రెండు మాటల్లో మొదటిది నిజం, రెండోది కాదు. ధవళేశ్వరం దగ్గర నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరందించే కాలువలూ వాటి గట్లూ జలవనరుల శాఖవి. కాలువ పూడిక తీయడానికో, గట్టు బలపరచడానికో పంచాయతీ డబ్బు వాడితే ఆడిట్‌లో అభ్యంతరం రావచ్చు. అయితే మీరు తీసింది పూడిక కాదు. తూము దగ్గర చిక్కుకున్న షాంపూ ప్యాకెట్లు, థర్మోకోల్ పళ్లాలు, మద్యం సీసాలు, పసిపిల్లల డైపర్లు అన్నీ ఊళ్లోని ఇళ్ల నుంచీ దుకాణాల నుంచీ వచ్చినవే. ఊరి చెత్తను ఎత్తించి తరలించడం పంచాయతీ విధి. అది ఎవరి స్థలంలో పడి ఉందన్నది తరువాతి సంగతి. కాబట్టి వచ్చే ఏడాది అర్జీలో కాలువ మరమ్మతు ఊసెత్తకుండా, గట్టు వెంబడి పోగుపడిన గృహ వ్యర్థాల సేకరణ, తరలింపు అని పనిని స్పష్టంగా రాయండి. జలవనరుల శాఖ సెక్షన్ కార్యాలయానికి దాని నకలు ఒకటి ఇస్తే, రేపు అనుమతి పేరుతో అడ్డు చెప్పే అవకాశం తగ్గుతుంది.

ఇక పద్దు సంగతి. కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన గ్రాంటు 2,36,805 కోట్ల రూపాయలు. అందులో 60 శాతం నిర్దేశిత పనులకే ఖర్చు పెట్టాలి: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి నిల్వకు. ఈ పారిశుద్ధ్యపు వాటాలో ఇళ్ల చెత్త నిర్వహణ స్పష్టంగా ఉంది. మిగిలిన 40 శాతాన్ని, జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ తప్ప, రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు సూచించిన 29 అంశాల్లో ఊరికి అవసరమైన దేనికైనా వాడుకోవచ్చు. అంటే పద్దు ఒకటి కాదు, రెండున్నాయి. 2026 ఏప్రిల్ నుంచి వచ్చే నిధులకు 16వ ఆర్థిక సంఘం సిఫార్సులు వర్తిస్తాయి గనుక, ఆ ఏడాది వాటాల లెక్కను మీ కార్యదర్శి గారినే అడిగి రాసుకోండి.

మరి డబ్బుండీ ట్రాక్టరు ఎందుకు రాలేదు? ఆ పని ప్రణాళికలో లేదు, అంతే. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేరి, పంచాయతీల పనులూ చెల్లింపులూ చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-గ్రామస్వరాజ్‌లో నమోదైన పనికే ఈ నిధుల నుంచి బిల్లు అవుతుంది. ఆ చెల్లింపు కూడా నగదుగా కాకుండా సరఫరాదారు బ్యాంకు ఖాతాకే నేరుగా వెళ్తుంది. మేలో పని పూర్తిచేసి, జూన్‌లో రసీదు పట్టుకెళ్లి కిరాయి తిరిగి ఇప్పించమంటే కార్యదర్శికి మనసున్నా మార్గం ఉండదు. రాబోయే ఆర్థిక సంవత్సరపు ప్రణాళికను అక్టోబరు 2 నుంచి జనవరి చివరి వరకు జరిగే ప్రచారంలో గ్రామసభల ద్వారా తయారు చేస్తారు. మీ ఊళ్లో ఆ సభ ఏ రోజు జరిగిందో మీలో ఎంతమందికి తెలుసు? కుర్చీలు ఖాళీగా ఉన్న సభలో సిమెంటు రోడ్డూ, కల్వర్టూ పలుకుబడి ఉన్నవారి నోటి నుంచి ముందుగా చేరిపోతాయి. చెత్త కోసం పట్టుబట్టేవారు సాధారణంగా ఉండరు. మీరు పదిమంది కలిసి వెళ్లి, పని పేరు, స్థలం, ఎన్ని లోడ్లు, లోడుకు ఎంత కిరాయి అన్నది ఒక కాగితం మీద రాసిచ్చి, తీర్మానంలో చేరిందో లేదో అక్కడే చదివించుకోండి.

ఈ ఏడాది గడువు దాటిపోయి ఉంటే పంచాయతీ సాధారణ నిధి ఉంటుంది. ఇంటి పన్ను, సంత ఆశీలు, చెరువుల చేపల పాట వంటి సొంత రాబడి అందులో చేరుతుంది. డెల్టా పంచాయతీల్లో చేపల పాట సొమ్ము చిన్నదేమీ కాదు; దాని నుంచి నాలుగు లోడ్ల కిరాయి ఇవ్వడానికి పాలకవర్గం తీర్మానం చాలు. ఇంకొక సులువు ఏమిటంటే, రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుపుతోంది. మీ శ్రమదానం ఆ రోజుకే పెట్టుకుంటే పంచాయతీ సిబ్బందీ బండీ ఎలాగూ వీధిలోనే ఉంటాయి.

ఒక్కటి మాత్రం ముందే తేల్చుకోండి. ట్రాక్టరు ఎక్కడికి వెళ్లాలి? ఊరి చివర డ్రెయిను ఒడ్డున దించి వస్తే, కుక్కలు చింపిన సంచుల్లోని చెత్తంతా తొలి వానకు మళ్లీ నీళ్లలోకే వస్తుంది. మీ ఊళ్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం (చెత్తను వేరుచేసి ఎరువు చేసే షెడ్డు) ఉంటే, దాని తాళం ఎవరి దగ్గర ఉందో, లోపల ఎరువు తొట్లు పనిచేస్తున్నాయో లేదో చూసి, తడి, పొడి, సీసా పెంకులు వేర్వేరు సంచుల్లో కట్టండి. కొబ్బరి డొక్కలూ మట్టలూ ఆ తొట్లలో వేయవద్దు, అవి అంత త్వరగా కుళ్లవు. పీచు తీసే యూనిట్ల వారు తీసుకుంటారేమో కనుక్కోవడం మేలు.

ప్రశ్న: మా పంచాయతీలో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రమే లేదు. ఇలాంటి వసతులకు స్వచ్ఛభారత్ కింద ఎంత వస్తుంది?
— ఒక పాఠకురాలు, మలికిపురం ప్రాంతం

జవాబు: స్వచ్ఛభారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల ప్రకారం, 5,000 జనాభా వరకు ఉన్న గ్రామానికి ఘన వ్యర్థాల కోసం తలకు 60 రూపాయల వరకు, వాడిన నీటి నిర్వహణకు తలకు 280 రూపాయల వరకు, అంతకు మించిన గ్రామానికి వరుసగా 45, 660 రూపాయల వరకు ఇవ్వవచ్చు. మీది 4,000 మంది ఉన్న ఊరనుకుంటే చెత్తకు 2.4 లక్షలు, మురుగునీటికి 11.2 లక్షలు గరిష్ఠం. ఇందులో 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి. ఇది షెడ్డు, తొట్లు, రిక్షా, ఇంకుడు గుంత వంటి వసతుల డబ్బు. రిక్షా లాగే మనిషికి నెలనెలా ఇచ్చేది ఎక్కడి నుంచో ముందే తేల్చకుండా షెడ్డు కట్టించుకోవడం మా దృష్టిలో దండగ ఖర్చు. ఇంకుడు గుంతల విషయంలో మరో జాగ్రత్త: మీ తీర గ్రామాల్లో భూగర్భ జలం పైపైనే ఉంటుంది, వర్షాకాలంలో గుంత ఇంకదు. స్థలం చూడకుండా ఇంటింటికీ మంజూరు చేయించుకోవద్దు.

ప్రశ్న: మా ఊరి మురుగు కోడు నిండా గుర్రపుడెక్క. పంచాయతీ వారు తీయరు, రైతులు తీయరు. ఎవరిని అడగాలి?
— ఒక రైతు, అమలాపురం ప్రాంతం

జవాబు: కౌశిక వంటి పెద్ద డ్రెయిన్లూ వాటిలో కలిసే మీడియం, మైనర్ డ్రెయిన్లూ జలవనరుల శాఖ డ్రెయినేజీ విభాగం కిందివి. పొలాలకు నీరు పెట్టే కాలువల్లో తూడు తీయించడంలో మాత్రం 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలకు బాధ్యత ఉంది. మీది ఏ డ్రెయిన్ అన్నది డ్రెయినేజీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) దగ్గర ఖరారు చేసుకుని, వానలు మొదలు కాకముందే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, నంబరు తీసుకోండి. ఊరి వీధి కాలువలు మాత్రం పంచాయతీవే. వాటి నోళ్లు మూసుకుపోయి ఉంటే కోడు ఎంత శుభ్రం చేసినా మీ వీధిలో నీరు లాగదు.

ప్రశ్న: పారిశుద్ధ్యానికి వచ్చిన సొమ్ము దేనికి ఖర్చయిందో తెలుసుకోవడం ఎలా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసాపురం ప్రాంతం

జవాబు: ఈ-గ్రామస్వరాజ్‌లో మీ జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే, ఏ ఏడాది ప్రణాళికలో ఏయే పనులున్నాయో, ఎంత చెల్లింపు జరిగిందో ఎవరైనా చూడవచ్చు. బిల్లులూ కొలతల పుస్తకం నకళ్లూ కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. బ్లీచింగ్, సున్నం, ట్రాక్టరు కిరాయి అన్న మూడు ఖర్చులను విడివిడిగా తేదీలతో సహా అడిగితే జవాబు సూటిగా వస్తుంది. మొత్తం పారిశుద్ధ్య వ్యయం అని అడిగితే ఒక్క అంకె రాసి పంపిస్తారు. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.