1837కి ముందు ఇంగ్లీషు పూర్వీకులను నార్‌ఫోక్ చర్చి రిజిస్టర్లలో ఎలా వెతకాలి?

మీ వారి పూర్వీకులు తూర్పు ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ కౌంటీ (జిల్లాలాంటిది) పల్లెల్లో వ్యవసాయ కూలీలనీ, 1841 జనగణన దాకా దొరికి అక్కడ ఆగిపోయారనీ రాశారు. ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. అంతకుముందు ఆ పని చర్చిది. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రాసిపెట్టాలని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించాడు కాబట్టి, రిజిస్టర్లు మిగిలి ఉంటే ఇంకో మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్లొచ్చు.

అయితే పేరు దొరకడం ఇక్కడ కష్టం కాదు. ఆ పేరున్న మనిషి మీవాళ్లేనా అన్నది తేల్చడమే కష్టం. తాత పేరు మనవళ్లందరికీ పెట్టుకునే ఊళ్లవి. ఒకే పల్లెలో ఒకే ఇంటిపేరుతో, ఏడాది రెండేళ్ల తేడాలో పుట్టిన ఇద్దరు ముగ్గురు విలియంలు ఉండటం మామూలే.

అందుకని రిజిస్టర్ తెరిచే ముందు 1851 జనగణన చూడండి. 1841లో పదిహేనేళ్లు దాటిన వాళ్ల వయసును ఐదు గుణిజానికి తగ్గించి రాశారు, 34 ఏళ్లవాడు 30గా కనిపిస్తాడు. పుట్టిన ఊరు కూడా ఉండదు, ఆ కౌంటీలోనే పుట్టారా లేదా అన్నంతవరకే. 1851లో పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) పేరు, వయసు, ఇంటి పెద్దకు ఏమవుతారో అన్నీ ఉంటాయి. తల్లి పుట్టింటి పేరు తెలియకపోతే, ఆ దంపతులకు 1837 తర్వాత పుట్టిన ఆఖరి బిడ్డను పట్టుకోండి. జనన మరణాలు నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీస్ ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచీ తల్లి పుట్టింటి పేరు ఇస్తున్నారు, వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. మీ ముత్తాత 1825లో పుట్టినా ఆయన తమ్ముడో చెల్లెలో ఆ పేరు చెబుతారు. దాంతో తల్లిదండ్రుల పెళ్లి వెతకడం చాలా తేలికవుతుంది.

నార్‌ఫోక్ రిజిస్టర్ల ఫొటోలు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. అసలు పుస్తకాలు నారిచ్‌లోని నార్‌ఫోక్ రికార్డ్ ఆఫీస్‌లో ఉంటాయి. సూచికలో పేరు కనిపించగానే ఆగకుండా పేజీ ఫొటో తప్పక చూడండి. బాప్తిస్మం తేదీ పుట్టిన తేదీ కాదు. నలుగురు పిల్లలకు ఒకేరోజు బాప్తిస్మం ఇప్పించిన కుటుంబాలున్నాయి. పుట్టిన తేదీ, పెళ్లి కాని తల్లి బిడ్డ అన్న మాట తరచు పక్కన చిన్నగా రాసి ఉంటాయి, సూచికలోకి అవి ఎక్కవు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది, పేదలకు మినహాయింపు. ఆ కాలంలో పేరు పక్కన ‘పి’ అక్షరం కనిపిస్తే ఆ కుటుంబం పేదలదని.

1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, పేజీకి ఎనిమిది నమోదులు. బాప్తిస్మంలో తండ్రి వృత్తి, నివాసం ఉంటాయి, భూస్థాపనలో వయసు ఉంటుంది. అంతకుముందు పల్లెటూరి పాదిరి చాలాచోట్ల ‘విలియం, మేరీల కొడుకు జాన్’ అని రాసి ఊరుకునేవాడు. పెళ్లిళ్లకు 1754 హద్దు. అప్పటినుంచి సంతకమో, రాయడం రానివాళ్లయితే దానికి బదులు పెట్టిన గీతో, సాక్షుల పేర్లు, ఇద్దరి పారిష్‌లు ఉంటాయి. ‘ఈ పారిష్‌వాడు’ అని ఉన్నంత మాత్రాన అక్కడే పుట్టాడనుకోకండి, అప్పటికి అక్కడ ఉంటున్నాడని మాత్రమే. పెళ్లి ఎక్కువగా పెళ్లికూతురి ఊళ్లో జరిగేది. పెళ్లికొడుకు ఊళ్లో కనబడకపోతే అక్కడి బాన్స్ పుస్తకం అడగండి. మూడు ఆదివారాలు చర్చిలో చదివే ఆ ప్రకటన ఇద్దరి ఊళ్లలోనూ చదవాలి, కాబట్టి అమ్మాయి ఏ ఊరిదో అందులో తెలుస్తుంది.

1752కు ముందు తేదీలు జాగ్రత్త. అప్పట్లో సంవత్సరం మారేది మార్చి 25న. 1721 జూన్‌లో పెళ్లి, 1721 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం అని కనిపిస్తే బిడ్డ ముందు పుట్టినట్టు కాదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1722, పెళ్లయిన ఎనిమిది నెలలకు. రాసుకునేటప్పుడు 1721/22 అని రెండూ వేయండి. 1733కు ముందు కొన్ని పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి, గులియెల్మస్ అంటే విలియం, జాకోబస్ అంటే జేమ్స్. అంతర్యుద్ధం మొదలైన 1642 నుంచి 1660 దాకా చాలాచోట్ల ఖాళీలే. మిగతా కాలాల్లో పుస్తకం చిరిగినా పోయినా, ఏటా బిషప్‌కు పంపిన నకళ్లు చూడండి. 1598 నుంచి పంపాలని నియమం, అన్నీ మిగలకపోయినా నార్‌ఫోక్‌వి చాలా ఉన్నాయి.

ఇక అసలు పరీక్ష. సరిపోయే బాప్తిస్మం దొరికాక ఆ పిల్లవాడు చిన్నప్పుడే చనిపోయాడేమో భూస్థాపనల్లో వెతకండి. చాలా వంశవృక్షాలు పాడయ్యేది ఈ ఒక్క పని వదిలేయడం వల్లే. 1790లో బాప్తిస్మం పొందిన విలియం 1792లో భూస్థాపన అయి, అదే తల్లిదండ్రులు 1794లో మరో బిడ్డకు విలియం అని పెట్టుకుని ఉండొచ్చు. తర్వాత పోటీలో ఉన్న మిగతా విలియంలను కూడా ఒక్కొక్కరినే చివరిదాకా వెంబడించండి: ఎవరిని పెళ్లి చేసుకున్నారు, పిల్లలకు ఎక్కడ బాప్తిస్మం ఇచ్చారు, ఎప్పుడు పోయారు. అందరికీ వేరే జీవితం దొరికాక మిగిలినవాడే మీవాడు. ఆన్‌లైన్‌లో వేరేవాళ్లు పెట్టిన వృక్షం ఆధారం కాదు, ఏ పుస్తకం వెతకాలో చెప్పే సూచన మాత్రమే.

పెళ్లి దొరికి పిల్లల బాప్తిస్మాలు దొరకకపోతే చుట్టుపక్కల ఊళ్లు చూడండి. నార్‌ఫోక్‌లో మధ్యయుగపు చర్చీలే 600కు పైగా ఉన్నాయి, నడిచి వెళ్లే దూరంలోనే ఇంకో పారిష్. అక్కడా లేకపోతే వాళ్లు బాప్టిస్టులో, ఇండిపెండెంట్లో, అంటే ఆంగ్లికన్ చర్చిలో చేరని క్రైస్తవ శాఖలవాళ్లో అయ్యుండొచ్చు. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలి, పిల్లల పేర్లు మాత్రం తమ చాపెల్ పుస్తకంలో రాయించుకునేవారు. ఆ పుస్తకాలు చాలావరకు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 4 వరుసలో ఉన్నాయి.

కూలీల కుటుంబం కాబట్టి సెటిల్‌మెంట్ కాగితాలు మాత్రం వదలకండి. 1662 చట్టం ప్రకారం, పేదవాడి భారం ఏ పారిష్‌దో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేట్లు అతన్ని విచారించేవారు. ఎక్కడ పుట్టాడు, ఏ రైతు దగ్గర ఏడాది జీతానికి ఉన్నాడు, ఎంత జీతం, భార్యాపిల్లల పేర్లేమిటి, అన్నీ ప్రమాణం చేయించి రాసుకునేవారు. బాప్తిస్మం రిజిస్టర్ రెండు పేర్లతో సరిపెట్టిన మనిషి గురించి ఇక్కడ ఒక పేజీ దొరకొచ్చు. రికార్డ్ ఆఫీస్ జాబితాలో ఊరి పేరు కింద ఓవర్‌సీర్ల (పారిష్‌లో పేదల సాయం చూసే అధికారుల) కాగితాలు అని వెతకండి.

ఎవరైనా అన్నదమ్ముడు కంపెనీ సైన్యంలో చేరి మాయమై ఉంటే, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చీల నమోదుల నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి. మచిలీపట్నంలోనో విశాఖలోనో పోయినవాళ్లను వెతకాల్సింది అందులోనే.