మేనల్లుడు వైట్ వైన్ కొంటాడట

చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి ముందు మురిసిపోయింది, తరవాత గొంతు తగ్గించింది. వచ్చే శనివారం మీ ప్రొఫెసరుగారినీ ల్యాబులో వాళ్ళనీ గదికి భోజనానికి పిలిచావట. పులిహోర, చేపల పులుసు నువ్వే చేస్తావట. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీసుకోనివాడు చేపల పులుసు! అంతా చెప్పి చివర్న, "వైట్ వైన్ కూడా కొంటాడట వదినగారూ, మీరే ఓ కంట కనిపెట్టాలి" అంది. కైజర్స్‌లాటర్న్‌లో ఉన్న నిన్ను మైన్ట్స్‌లో కూచుని ఏం కనిపెడతాను? అందుకే రాస్తున్నాను. ఫోన్లో అయితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు.

ముందు డబ్బు సంగతి. వీసా కోసం ముందే డబ్బు కట్టిన నీ బ్లాక్డ్ అకౌంట్లోంచి నెలకి వచ్చేది 992 యూరోలు. అందులో అద్దె, ఇన్సూరెన్స్ పోగా ఏం మిగులుతుందో నాకు తెలుసు. ప్రొఫెసరు వస్తున్నాడు కదా అని ఇరవై యూరోల సీసా కొన్నావంటే ఊరుకోను. ఈ దేశంలో మామూలు వైన్ మీద అమ్మకం పన్ను తప్ప ప్రత్యేక సుంకం లేదు. నురగ వచ్చే సెక్ట్ మీద మాత్రం ఉంది. 1902లో జర్మన్ చక్రవర్తి కైజరు యుద్ధనౌకల ఖర్చుకని వేసిన సుంకం, కైజరు పోయాడు, నౌకలు పోయాయి, సుంకం మాత్రం ఇంకా వసూలవుతూనే ఉంది. కాబట్టి సెక్ట్ జోలికి పోకు. ఆరు నుంచి తొమ్మిది యూరోల లోపు శుభ్రమైన వైట్ వైన్ దొరుకుతుంది. మన ఊళ్ళో సీసా ధరలో పెద్ద వాటా ప్రభుత్వానిది, అందుకే ధర ఎక్కువైతే సరుకు గొప్పదనే భ్రమ మనవాళ్ళకి పోదు.

ఇక సీసా మీద చదవాల్సినవి. ట్రోకెన్ అని ఉంటే తీపి లేనిది, లీటరుకి తొమ్మిది గ్రాముల చక్కెర దాటదు. హాల్బ్‌ట్రోకెన్ అయితే పద్ధెనిమిది దాకా. ఫైన్‌హెర్బ్ అని రాస్తే చట్టంలో దానికి లెక్క లేదు, రైతు ఇష్టం, మొత్తానికి కాస్త తీపి తగులుతుంది. ఇవేవీ అర్థం కాకపోతే ఆల్కహాల్ శాతం చూడు. పన్నెండు, పన్నెండున్నర ఉంటే చక్కెరంతా ఈస్టు తినేసింది. ఎనిమిదో తొమ్మిదో ఉంటే తినకుండా మిగిల్చింది, అంటే తియ్యగా ఉంటుంది. గుట్స్‌ఆబ్‌ఫ్యుల్లుంగ్ అన్న మాట ఉంటే, ఆ రైతు తన ద్రాక్షతో తనే చేసి తనే సీసాకెత్తాడని. ఆ మాట ఉన్నదే తీసుకో. మూత మీద గద్ద బొమ్మ ఉన్నవి మంచివే గాని అవి నీకు ఉద్యోగం వచ్చాక.

అసలు చిక్కు నీ వంటలో ఉంది. ఇక్కడివాళ్ళు చేపకి గట్టి ట్రోకెన్ పోస్తారు. వాళ్ళ చేపలో ఉప్పు, నిమ్మరసం, వెన్న ఉంటాయి. మన పులుసులో చింతపండు, ఎండుకారం, మెంతులు. ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ కారం మీద పడితే నోరు మండిపోతుంది. ఓక్ పీపాలో పెట్టిన షార్డనే అయితే చింతపండు పక్కన చేదెక్కుతుంది. నీకు కావలసింది పులుపుకి పులుపుగా నిలబడి, కారాన్ని కొంచెం తీపితో బుజ్జగించేది. అంటే రీస్లింగ్ ద్రాక్షతో చేసింది, అందులోనూ ఫైన్‌హెర్బ్ లేదా హాల్బ్‌ట్రోకెన్, పది పదకొండు శాతంది. మోజెల్ లోయ నుంచి వచ్చే తీపి మిగిలిన కాబినెట్ అనే తేలిక రీస్లింగ్ చాలావరకు తొమ్మిది శాతం లోపే ఉంటుంది, గోంగూరకి కూడా లొంగదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా వార్డు సిస్టర్ ఒకావిడ నా టిఫిన్ డబ్బాలో గోంగూర పచ్చడి రుచి చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, సాయంత్రం వాళ్ళింటికి తీసుకెళ్ళి ఒక గ్లాసు పోసింది. నేను తాగనన్నాను. "తాగకు, పచ్చడి తిని ఒక్క గుటక చూడు" అంది. చూశాను. వైన్ అంటే తాగుడు కాదనీ, భోజనంలో ఒక భాగమనీ నాకు తెలిసింది ఆ వంటింట్లోనే.

కారం తిననివాళ్ళుంటే వాళ్ళకి పులిహోరతో జిల్వానర్ పెట్టు. మా రైన్‌హెస్సెన్‌లో పాత రకం, గొడవ చెయ్యదు. గ్రావ్‌బుర్గుండర్ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు, పులుపు తక్కువ, కోడి పలావుకైతే బాగుంటుంది. నీ పులుసుకి వద్దు.

ఇప్పుడు మీ మావయ్య కథ. నీకు ఎవరూ చెప్పి ఉండరు, మా ఇంట్లో అదొక రహస్యం.

మీ వదిన పుట్టింది 1986 వేసవిలో. చెర్నోబిల్ అణుకేంద్రం పేలిన ఏడాది. పాలు కొనాలంటే భయం, ఆకుకూర కొనాలంటే భయం. ఆ కంగారులో ఉండగా మీ మావయ్య ఆఫీసులో ఎవరో చెప్పారట, ఇక్కడ బిడ్డ పుట్టిన ఏడు వైన్ కొని దాచి, ఆ బిడ్డ పెళ్ళికి తెరుస్తారని. ఇంకేం, ఈయనకి పూనకం వచ్చింది. ఆదివారం బస్సెక్కి పక్క ఊళ్ళో రైతు దగ్గరికి వెళ్ళి ఒక పెట్టె మ్యుల్లర్-తుర్గావ్ వైట్ వైన్ మోసుకొచ్చారు. సీసా నాలుగైదు మార్కులు. ఆ రైతు పాపం చెప్పాడట, దీన్ని రెండు వేసవుల్లోపు తాగెయ్యండని. మీ మావయ్య తలూపారట. అప్పట్లో ఆయన జర్మన్ అంతా తలూపడమే.

తెచ్చి, ఒక్కో సీసా మీద మీ వదిన పేరు ముద్దుగా మార్కర్‌తో రాసి, బిల్డింగు కింద నేలమాళిగలో, అంటే కెల్లర్లో పెట్టారు. కెల్లరంటే చల్లగా ఉంటుందనుకుంటాం. మా బిల్డింగు కెల్లర్లో మా అర వెనకే హీటింగు గొట్టం. చలికాలం బట్టలు ఆరేస్తే పూటలో ఆరిపోయేవి. నేను ఒకసారి అన్నాను, ఇక్కడ వేడిగా ఉందండీ అని. "ఆవకాయ ఎంత ఊరితే అంత రుచి, నీకు తెలీదా" అన్నారు. నాకు వైన్ గురించి అప్పటికి అంత తెలీదు, ఆవకాయ గురించి తెలుసు, అందుకని నోరు మూసుకున్నాను.

2012లో నిశ్చితార్థం. పెళ్ళికొడుకు ట్రియర్ పక్క కుర్రాడు, అంటే మోజెల్ ఒడ్డువాడు. వియ్యంకుడు వైన్ చేసే వంశం కాకపోయినా, ఆ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. మీ మావయ్య సూటేసుకుని కెల్లర్లోకి దిగి సీసాలన్నీ పైకి తెచ్చారు. కథ చెప్పారు, పేరు చూపించారు, వియ్యపురాలికి కళ్ళు చెమర్చాయి. కార్కు తీస్తే పొడిపొడిగా సీసాలోకే రాలిపోయింది. వడగట్టి పోశారు. గోధుమరంగు. కుళ్ళిన యాపిల్ వాసన, తడిసిన అట్టపెట్టె వాసన. రెండోది తీశారు, అదీ అంతే. మూడోది వినిగర్. మీ మావయ్య చెవులు ఎర్రబడిపోయాయి. అన్నిటికన్నా ముందు పోసిన గ్లాసుని వియ్యంకుడు ఒక్క మాట అనకుండా, మొహం చిట్లించకుండా ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. ఈ ఇంటికి పిల్లనివ్వచ్చు అని నేను నిర్ణయించుకుంది ఆ క్షణంలో.

తరవాత ఆ వియ్యంకుడే నాకు విడమరిచి చెప్పాడు. మ్యుల్లర్-తుర్గావ్ 1882లో గైజెన్‌హైమ్‌లో త్వరగా పండాలని పుట్టించిన ద్రాక్షరకం. పులుపు తక్కువ, ఏడాది రెండేళ్ళలో తాగడానికే. దాన్ని ఆపి ఉంచే బలం అందులో ఉండదు. అదే రైతు దగ్గర అదే రోజు ఒకటి రెండు మార్కులు ఎక్కువ పెట్టి తీపి మిగిలిన రీస్లింగ్ ష్పేట్‌లేజె, అంటే ఆలస్యంగా కోసిన పండుది, కొని, నిజంగా చల్లని చోట పడుకోబెట్టి ఉంటే, ఆ పులుపూ తీపీ పాతికేళ్ళయినా దాన్ని నిలబెట్టేవి. (ఇది రాస్తుంటే వెనక నుంచి చదువుతున్నారు. పెట్టె మొత్తం పాడవలేదు, ఒకటి ఫరవాలేదు అంటున్నారు. నమ్మకు.)

నీకిది ఎందుకింత పొడుగ్గా చెప్తున్నానంటే, నువ్వు కొనే ధరలో వైట్ వైన్ ఎంత కొత్తదైతే అంత మంచిది. సీసా మీద పంట ఏడాది చూడు, పోయినేడుదో అంతకు ముందుదో అయి ఉండాలి. నాలుగేళ్ళ కిందటిది సగం ధరకి పెట్టాడంటే దయతో కాదు. షాపు కిటికీలో ఎండలో నిలబెట్టిన సీసా, తెల్ల గాజు సీసా వద్దు, వెలుతురుకి వాసన చెడుతుంది. స్క్రూ మూత చూసి చవకదనుకోకు, కొత్తగా తాగే వైట్ వైన్‌కి అదే మేలు. మిగిలితే దాచకు. తెరిచాక ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, అంతే.

గొప్ప పేర్లకి కూడా పడిపోకు. 1985లో ఆస్ట్రియా వైన్లలో డైఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపారని బయటపడింది. పల్చటి వైన్‌ని చిక్కగా, తియ్యగా అనిపించేలా చెయ్యడానికి. ఇక్కడ సీసాకెత్తిన కొన్నిటిలోనూ దొరికింది. మా హాస్పిటల్లో వారాల తరబడి అదే మాట. ఆ తరవాత తీపి వైన్ అంటేనే జనం మొహం తిప్పుకుని ట్రోకెన్ వెంట పడ్డారు. ఇప్పుడు తనిఖీలు గట్టివి, క్వాలిటేట్స్‌వైన్ అనే నాణ్యత తరగతి జర్మన్ సీసాలన్నిటి మీదా పరీక్ష నంబరు ఉంటుంది, ఆ భయం అక్కర్లేదు. కానీ పెద్ద బిరుదుతో, బంగారు అక్షరాలతో, మూడు యూరోలకి దొరికేదాన్ని చూస్తే నా చెయ్యి ఇప్పటికీ వెనక్కొస్తుంది.

సూపర్‌మార్కెట్లో కొనడం కన్నా ఒక పని చెయ్యి. నీ సెమిస్టర్ టికెట్ ఉంది కదా, ఎస్-బాన్ రైలెక్కి అడవి దాటితే నోయ్‌ష్టాట్. అక్కణ్ణించి అన్నీ ద్రాక్షతోటల ఊళ్ళే. ఏదో ఒక రైతు ఇంటి గంట కొట్టు. ఆదివారం వద్దు, మధ్యాహ్నం భోజనాల వేళ వద్దు. రుచి చూపిస్తాడు, ఊరికే. కొంచెం నోట్లో పోసుకుని, అక్కడ పెట్టిన కుండీలో ఉమ్మెయ్యొచ్చు, తప్పుగా అనుకోరు. మన పులుసు ఎలా ఉంటుందో నీ వచ్చీరాని జర్మన్‌లో చెప్పి, దానికేది అని అడుగు. ఆ ప్రశ్న వాళ్ళకి భలే ఇష్టం. రుచి చూసి ఏమీ కొనకుండా మాత్రం వచ్చెయ్యకు. రెండు సీసాలు చాలు, ఒక్కోటి ఐదు గ్లాసులొస్తుంది. తాగనివాళ్ళకి అదే రైతు దగ్గర ద్రాక్షరసం తీసుకో, అదీ అలాంటి గ్లాసులోనే పొయ్యి, వేరుగా చూసినట్టు ఉండకూడదు.

అక్కడ, మీ ఫాల్ట్స్ ప్రాంతంలో, అరలీటరు గుంటల గ్లాసులో షోర్లె పోసి బల్ల చుట్టూ తిప్పుతారు. నీ చేతికొస్తే ఒక గుటక తాగి పక్కకి అందించు. సగం వైన్, సగం సోడా నీళ్ళే కదా అనుకుంటారు కుర్రాళ్ళు. రాత్రికి లెక్క తెలుస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగి చదువు. మీ నాన్న నీకు చెప్పి ఉండడు. వాడికి అప్పటికి ఊహ లేదు. మీ తాతయ్య చాలా మంచివాడు, జీతం రోజు తప్ప. జీతం రోజు సాయంత్రం బ్రాందీ సీసా సంచీలో చుట్టుకుని వచ్చి, గది తలుపేసుకునేవారు. ఎవరితోనూ తగువు లేదు, అరుపు లేదు. ఒక్కరే కూచుని తాగేవారు. మీ నాన్నమ్మ వాకిట్లో తులసికోట దగ్గర కూచునేది, తలుపు తెరిచేదాకా. తరవాత జీతం రోజులు ఎక్కువైపోయాయి. నేను నర్సునయ్యాక వార్డులో పచ్చకామెర్లతో, ఉబ్బిన పొట్టతో వచ్చిన మగవాళ్ళని చూసినప్పుడల్లా వాళ్ళు ఒంటరిగా తాగేవారా అని అడగాలనిపించేది. అడిగేదాన్ని కూడా.

అందుకని నీకు ఒకే ఒక్క ఆంక్ష. గదిలో ఒక్కడివీ ఉన్నప్పుడు సీసా తెరవకు. నవంబర్లో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది, పరీక్ష పోతుంది, ఎవరూ ఫోన్ ఎత్తరు, ఫ్రిజ్‌లో సగం సీసా ఉంటుంది. అలాంటి రోజు అది సింకులో పోసెయ్యి, రైలెక్కి మా ఇంటికి రా. వైన్ పారబోస్తే నేను తిట్టను. మిగిలినవన్నీ నువ్వు తెలివైనవాడివి, నీకే తెలుస్తాయి.

తాగిన రాత్రి ఈ-స్కూటర్ ఎక్కకు. దానికి కారుకున్న రూలే, రక్తంలో ఆల్కహాల్ 0.5 ప్రొమిల్, అంటే వెయ్యికి అర వంతు, చేరితే జరిమానా, ఇరవై ఒకటి నిండనివాళ్ళకీ కొత్త లైసెన్సువాళ్ళకీ సున్నా. సైకిలుకి 1.6 చేరితే ఏకంగా నేరం. వీసా మీద ఉన్నవాడివి, గుర్తుంచుకో. నీ ఇంట్లోనే భోజనం కాబట్టి నువ్వు ఎక్కడికీ పోవు, నీ స్నేహితుల్ని బస్సెక్కించు. ఎవడైనా ఊగితే సోఫా మీద పడుకోబెట్టు.

ఫ్రిజ్‌లో రెండు గంటలు పెడితే చాలు, ఫ్రీజర్లో పెట్టి మర్చిపోయి సీసా పగలగొట్టకు. గ్లాసు మూడో వంతు మించి పొయ్యకు. గ్లాసులు తాకించేటప్పుడు కళ్ళలోకి చూడాలి, లేకపోతే ఇక్కడివాళ్ళు ఏడాది పొడుగునా దెప్పుతారు. ప్రొఫెసరు రెండో గ్లాసు వద్దంటే బలవంతం చెయ్యకు, ఇది మన ఇంట్లో నెయ్యి వడ్డించడం కాదు.

పులుసులో కారం సగానికి తగ్గించు, మెంతులు మాడనివ్వకు. నోయ్‌ష్టాట్ వెళ్ళినప్పుడు మీ మావయ్యకి కూడా ఒక రీస్లింగ్ తీసుకో, డబ్బులు పంపుతాను. ఎప్పుడు తెరవాలో మాత్రం ఆయనకి చెప్పకు, సీసా నా చేతికివ్వు.

మీ అత్త