చిన్న కారు కొనబోతున్న మా అమ్మీకి

కడప

అమ్మీ,

మొన్న ఫోన్లో నువ్వు ఒకే మాట అడిగావు. "పెద్దనాయనా, ఆల్టో కె10, వ్యాగన్ ఆర్, టియాగో, క్విడ్. ఈ నాలుగింట్లో ఏది తీసుకోమంటావు?" నేను వెంటనే పేరు చెప్పలేదని నీకు కొంచెం కష్టంగా అనిపించి ఉంటుంది. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్ళు స్పానర్ పట్టినవాణ్ణి. మన వీధిలో ఎవరు బండి కొన్నా ముందు నన్ను వెంటబెట్టుకుని పోతారు. అయినా ఫోన్లో ఒక పేరు చెప్పేసి చేతులు దులుపుకోవడానికి మనసొప్పలేదు. ఆ బండిలో నువ్వు, నాలుగేళ్ళ పిల్లవాడు, మోకాళ్ళ నొప్పులతో మీ అమ్మ తిరగాలి. మీ ఆయన బెంగళూరు నుంచి వారానికోసారి వస్తాడు గాబట్టి నడిపేది నువ్వే. అందుకే నిదానంగా కూర్చుని రాస్తున్నా.

ఈ ధరలో లోపం లేని బండి దొరకదమ్మీ. ఇంత తక్కువకు కారు ఇవ్వాలంటే కంపెనీ ఎక్కడో ఒకచోట చెయ్యి బిగబట్టాల్సిందే. ఒకరు టైర్ల దగ్గర, ఒకరు సీట్ల దగ్గర, ఇంకొకరు లైట్ల దగ్గర తగ్గిస్తారు. అలా తగ్గించింది నీకు రోజూ తగులుతుందా, ఏడాదికోసారి తగులుతుందా, అసలు తగలనే తగలదా అని చూసుకోవాలి. నీకు డిక్కీ చిన్నదైనా ఇబ్బంది లేదు. అదే కూరగాయల వ్యాపారం చేసేవాళ్ళకైతే పెద్ద కష్టం. బండి గుణం తెలియాలంటే ముందు నీ దారి గుణం తెలియాలి.

నీ దారి నాకు బాగా తెలుసు. కడపలో బయలుదేరి కమలాపురం మీదుగా ఎర్రగుంట్ల దాకా దాదాపు నలభై కిలోమీటర్లు. సాయంత్రం మళ్ళీ అంతే. సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు, ఆర్టీపీపీ థర్మల్ కరెంటు ప్లాంటు నుంచి వచ్చే బూడిద లారీలు ముందూ వెనకా ఉంటాయి. ఎదురుగా నిండు లోడు లారీ వేగంగా దాటిపోయినప్పుడు తేలిక బండి ఒక్క క్షణం పక్కకు ఊగుతుంది. ఆల్టో బరువు 800 కిలోలు కూడా ఉండదు. టియాగో దాదాపు టన్ను. తేలిక బండికి మైలేజీ వస్తుంది, సందుల్లో చెయ్యి ఇట్టే తిరుగుతుంది, వై.వి. స్ట్రీటు లాంటి చోట పార్కింగ్‌కు టెన్షన్ ఉండదు. అదే తేలికదనం ఎర్రగుంట్ల రోడ్డు మీద లారీ గాలికి స్టీరింగ్ గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. నువ్వు ఊళ్ళో తిరిగేది తక్కువ, ఆ రోడ్డు మీద పోయేది ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకో.

టైర్లు కూడా వంగి చూడు. ఆల్టోకు 13 అంగుళాల చక్రాలు, సన్నటి టైర్లు. టియాగోకు, క్విడ్‌కు 14 అంగుళాలవి. ఆ ఒక్క అంగుళం ఏం చేస్తుందిలే అనుకోవద్దు. లారీ వెనకాల పోయేటప్పుడు గుంత చివరి క్షణం దాకా కనిపించదు. చిన్న చక్రం గుంతలో ఎక్కువ లోతుకు దిగుతుంది, ఆ దెబ్బ రిమ్ముకు, అక్కడి నుంచి సస్పెన్షన్‌కు పోతుంది. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు క్విడ్‌కు 184 మిల్లీమీటర్లు, టియాగోకు 170 అని చెప్తారు. నలుగురు కూర్చుంటే వెనక భాగం కిందికి దిగుతుంది గదా. ఊళ్ళల్లో సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద ఆ తేడా కింద గీసుకుపోయే చప్పుడులో తెలుస్తుంది. నలుగురిని ఎక్కించుకుని అలాంటి బ్రేకర్ ఒకటి దాటించి చూడు.

నీ దారిలో ఇంకో సంగతి, దుమ్ము. డిక్కీ పొడుచుకు రాకుండా వెనక భాగం నిటారుగా తెగినట్టుండే ఇలాంటి బండ్లలో, వెనక గాలి సుడి తిరిగి దుమ్మునంతా వెనక అద్దానికే కొడుతుంది. బూడిద లారీ వెనక పది కిలోమీటర్లు పోతే అద్దంలోంచి ఏమీ కనిపించదు. వెనక వైపర్ పై వేరియంట్లలోనే పెడతారు, అది కూడా అన్ని బండ్లకూ కాదు. సేల్స్‌మన్ పెద్ద టచ్ స్క్రీన్ చూపిస్తాడు, పాటలు పెడతాడు. నువ్వు మాత్రం వెనక అద్దానికి వైపర్ ఉందా, నీళ్ళు చిమ్ముతుందా అని అడుగు. ఎయిర్ ఫిల్టర్ కూడా పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే తీసి చూపించుకోవాలి. ఆ దారిలో తిరిగే బండికి అది తొందరగా మూసుకుపోతుంది.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. గత నెల మా ఎదురింటాయన ఆల్టోలో ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. ముందు కుడిచేత్తో తలుపు పట్టుకుంది. ఎడమచెయ్యి సీటు వీపు మీద వేసింది. సీటు కిందికి ఉండేసరికి చివరి జానెడు దూరం కూర్చోలేదు, పడింది. దిగేటప్పుడు ఇంకా కష్టమైంది. రెండు పాదాలూ బయట పెట్టి, మోకాళ్ళు గుండెదాకా వచ్చి, లేవడానికి నా భుజం పట్టుకుంది. "ఏం కాలేదులే బావా" అంది గానీ ముఖం చూస్తే తెలుస్తుంది గదా. వ్యాగన్ ఆర్ ఎత్తు బండి. అందులో సీటు మన ఇంట్లో కుర్చీ ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. కూర్చోవడానికి కిందికి దిగే పని లేదు, లేవడానికి పైకి ఎగబాకే పని లేదు. ఏ షోరూమ్‌కు పోయినా మీ అమ్మను తీసుకుపో. వెనక సీట్లో మూడుసార్లు ఎక్కించి దించు. ఒకసారైతే ఎవరైనా సర్దుకుంటారు, మూడోసారికి మోకాలు నిజం చెప్తుంది. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, లోపల పైన పట్టుకోవడానికి పిడి ఉందా, పాదం గడపకు తగులుతుందా, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి.

ఇంజన్ సంగతి. ఆల్టోకు 998 సీసీ, క్విడ్‌కు 999, టియాగోకు 1199. వ్యాగన్ ఆర్‌లో 998 ఒకటి, 1197 ఒకటి. ఇందులో వ్యాగన్ ఆర్ 1197 ఒక్కటే నాలుగు సిలిండర్లది, మిగిలినవన్నీ మూడు సిలిండర్లవే. మూడు సిలిండర్ల ఇంజన్ ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే గేరు రాడ్డులో, సీటులో కొంచెం వణుకు తెలుస్తుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. దానికి భయపడి బండి వద్దనుకోవద్దు. పాత బండిలో ఆ వణుకు మరీ ఎక్కువగా ఉంటే మాత్రం ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చూపించాలి.

చిన్న ఇంజన్ సత్తువ తెలిసేది గువ్వలచెరువు ఘాట్‌లో. 2003 ఎండాకాలం, రాయచోటిలో పెళ్ళికి ఐదుగురం నా చిన్న కారులో బయలుదేరాం. డిక్కీ నిండా సామాన్లు, ఏసీ నడుస్తోంది. ఘాట్ సగం ఎక్కాక వేడి ముల్లు పైకి లేచింది. ఆపేలోపే ముందు నుంచి ఆవిరి. రేడియేటర్లో కూలెంట్ బదులు మామూలు నీళ్ళు పోసి తిప్పుతున్నా, రబ్బరు గొట్టం పగుళ్ళు చూసి కూడా రేపు మార్చొచ్చులే అనుకున్నా. ఎన్ని బస్సులు బాగుచేసిన చెయ్యో ఇది, సొంత బండి దగ్గర అజాగ్రత్త చేసింది. మీ పెద్దమ్మ ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఆ మలుపు పక్కన రెండు గంటలు ఎండలో నిలబడింది. ఆ రోజు నుంచీ చిన్న బండి కొనేవాళ్ళెవరికైనా ఒక్కటే చెప్తున్నా, నలుగురిని ఎక్కించి, ఏసీ వేసి, మధ్యాహ్నం పూట ఎక్కుడు రోడ్డు ఎక్కించి చూడండి అని. మూడో గేరులో లాగలేక రెండోది అడిగితే తప్పులేదు. రెండో గేరులో కూడా మూలుగుతూ ఈడ్చుకుంటూ పోతే, నిండు బరువుతో లారీని దాటేటప్పుడు ఆ బండి నిన్ను మధ్యలో వదిలేస్తుంది. నీ రోడ్డు మీద ఓవర్‌టేక్ రోజూ పని.

ఆటోమేటిక్ తీసుకోవాలా అన్నావు. ఈ ధరలో వచ్చేది ఏఎమ్‌టీ. గేరు మార్చే పని యంత్రం చేస్తుంది, క్లచ్ కాలు తప్పుతుంది, ఊళ్ళో హాయి. దాటాలని గట్టిగా నొక్కినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి గేరు మారుస్తుంది. ఆ క్షణం నీకు అలవాటయ్యేదాకా లారీల రోడ్డు మీద ఇబ్బందే. నేనైతే నీకు మాన్యువల్ గేరే చెప్తా.

ఏసీ పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గంటసేపు ఎండలో నిలబెట్టిన బండి ఎక్కి, వెనక సీట్లో నువ్వు కూర్చో, ముందు సీట్లో కాదు. ఈ చిన్న బండ్లలో వెనకకు వేరే గాలి రంధ్రాలు ఉండవు. పిల్లవాడు కూర్చునే చోటికి చల్లదనం ఎంతసేపటికి వచ్చిందో గడియారం చూసుకో. మన కడప మే నెల ఎండ తెలుసు గదా.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది భద్రత గురించి. బండ్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ వాళ్ళు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండిని ముందు నుంచి గుద్దించి స్టార్లు ఇస్తారు. 2020లో టియాగోకు పెద్దల భద్రతలో 4 స్టార్లు, పిల్లల భద్రతలో 3 వచ్చాయి. 2023లో ఆల్టో కె10కు పెద్దలకు 2, పిల్లలకు సున్నా. వ్యాగన్ ఆర్‌కు పెద్దలకు 1, పిల్లలకు సున్నా. క్విడ్ 2016లో ఒక స్టార్ దాటలేదు. టియాగో, ఆల్టో, వ్యాగన్ ఆర్ పరీక్షలన్నీ రెండు ఎయిర్‌బ్యాగుల బండ్లతో చేసినవి. 2025లో ఆల్టోకు, వ్యాగన్ ఆర్‌కు ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ పెట్టారు. అది మంచి మార్పే. అయితే ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన పాత స్టార్లు పెరిగినట్టు కాదు. మీ అమ్మకు వ్యాగన్ ఆర్ సీటు సుఖం, పిల్లవాడికి టియాగో స్టార్లు ధైర్యం. ఇక్కడే నీ అసలు లెక్క ఉంది. నన్నడిగితే నా మనసు టియాగో వైపే పోతోంది. దాని సీటు మీ అమ్మకు సరిపోతుందో లేదో నేను కళ్ళారా చూసేదాకా ఆ మాట ఖాయం చేయను.

ఏ బండి తీసుకున్నా పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు వెనక ఉన్నాయా అని చేత్తో తడిమి చూడు. పిల్లవాణ్ణి ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది. అది నీ బండిలో ఒక్కరోజు కూడా వద్దు. వెనక కూర్చున్న మీ అమ్మకూ బెల్టు పెట్టు.

లైట్లు పగలు తెలియవు. సాయంత్రం ఏడు దాటాక కూడా ఒకసారి నడిపి చూడు. వెనక రిఫ్లెక్టర్ కూడా లేని ట్రాక్టర్లు రోడ్డు పక్కన ఆగి ఉండే దారి అది.

మైలేజీ గురించి ఎక్కువ చెప్పను. కంపెనీ చెప్పే అంకె పరీక్షశాలది. ఆల్టోకు 24 పైన అంటారు. మన రోడ్డు మీద 19, 20 వస్తే మంచిదే. నువ్వు నెలకు 2000 కిలోమీటర్లు తిరుగుతావు. 18 ఇచ్చే బండికి 111 లీటర్లు, 20 ఇచ్చేదానికి 100 లీటర్లు. లీటరు 110 అనుకున్నా నెలకు తేడా 1200 రూపాయలు. ఆ 1200 కోసం గట్టి బండిని వదులుకోవద్దు. సీఎన్‌జీ కావాలంటే బంకు నీ దారిలోనే ఉండాలి, డిక్కీ సిలిండర్‌కు పోతుంది. టియాగోలో రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున పెడతారు గాబట్టి కొంచెం చోటు మిగులుతుంది. ఘాట్‌లో మాత్రం పెట్రోలంత లాగదు.

ధర విషయంలో 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ చిన్న పెట్రోల్ బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అందుకని పాత ధరల కాగితాలు చూపిస్తే ఒప్పుకోవద్దు. ఎక్స్ షోరూమ్ ధర కాదు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఆన్ రోడ్ ధర ఒక్కో పద్దు విడివిడిగా రాయించుకో. కొత్త బండికి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, కానీ షోరూమ్ వాళ్ళ దగ్గరే కట్టాలని లేదు. నేను మా పెద్దోడికి బండి తీసుకున్నప్పుడు ఒక షోరూమ్‌లో అడగని మ్యాట్లు, పాలిష్ అంటూ బిల్లులో కలిపేశారు. కూర్చుని ఒక్కొక్కటి కొట్టేయించేదాకా సంతకం పెట్టలేదు.

కొత్త బండి గురించి షోరూమ్ చెప్పేదానికంటే, మూడేళ్ళు వాడినవాళ్ళు చెప్పేది విను. షెడ్డులో మెకానిక్‌ను "ఈ బండికి ముందుగా ఏది పోతుంది? ఆ సామాను కడపలోనే దొరుకుతుందా, ఎన్ని రోజులకు?" అని అడుగు. డాట్సన్ అనే కార్ల కంపెనీ వాళ్ళు 2022 ఏప్రిల్‌లో మన దేశంలో అమ్మకాలు ఆపేశారు. అలాంటప్పుడు కొన్నవాళ్ళకు ఎంత బెంగ ఉంటుందో ఆలోచించు.

నా పాత డిపో స్నేహితుడికి టియాగో ఉంది, మూడేళ్ళ బండి. మా ఎదురింటాయన కొడుకు దగ్గర వ్యాగన్ ఆర్ 1197 ఉంది. ఆదివారం రెండూ ఇస్తామన్నారు. పొద్దున పదకొండుకు మీ ఇంటికి వస్తా. మీ అమ్మను మధ్యాహ్నం నిద్ర మానుకుని తయారుగా ఉండమను, రెండు బండ్లలోనూ వెనక సీటు ఆమెదే. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా. ఒక్కో బండిలో గువ్వలచెరువు దాకా ఎక్కి, పిల్లవాడికి పాలకోవా కొనుక్కుని దిగుదాం.

మీ పెద్దనాయన