పొలం పనే వ్యాయామం కాదా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లండీ. మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. సార్వా, దాళ్వా రెండు పంటలకూ వరి ఊడ్పులకు వెళ్తాను. రెండేళ్లుగా ఊడ్పులు మొదలైన మూడో రోజుకల్లా నడుము పట్టేస్తోంది. ఎమ్మారై తీయిస్తే డిస్కు అరిగిందన్నారు. బెల్టు కట్టుకొని, నొప్పి బిళ్ల వేసుకొని పనికి పోతున్నాను. ఇప్పుడేమో ఫిజియోథెరపిస్టు వ్యాయామాలు చేయమంటున్నారు. పొద్దస్తమానం వంగి పనిచేసే మనిషికి మళ్లీ వ్యాయామం ఎందుకండీ? అరిగిన డిస్కు ఇంకా అరిగిపోదా?

జవాబు: మీ సందేహం న్యాయమైనదేనమ్మా. అయితే పొలం పనిలో శరీరం అలసిపోయినంత మాత్రాన అది వ్యాయామం అయిపోదు. ఊడ్పుల్లో గంటల తరబడి నడుము ఒకే వైపు వంగి ఉంటుంది కాబట్టి, వెన్నుపూసల మధ్య ఉండే స్నాయువులు నెమ్మదిగా సాగి, వెన్నును కాపాడవలసిన కండరాలు అలసి, అవసరమైన క్షణంలో వెంటనే బిగుసుకోలేని స్థితికి వస్తాయి. అలా వంగి వంగి ఉన్నాక ఒక్కసారిగా తడి నారు కట్టలు ఎత్తితే నడుము పట్టేయడంలో వింతేమీ లేదు. వ్యాయామంలో బరువు కొలతలో ఉంటుంది, నడుము అన్ని వైపులా కదులుతుంది, మధ్యలో విరామం ఉంటుంది. ఆ విరామంలోనే కండరం బలం పుంజుకొని తర్వాతిసారి మరికొంచెం బరువు మోయడానికి సిద్ధపడుతుంది.

మీ నొప్పి మూడో రోజునే రావడం గమనించదగిన విషయం. సార్వా ఊడ్పులు అయ్యాక దాళ్వా వరకూ కొన్ని నెలలపాటు మీ నడుముకు అంతటి పని ఉండదు, ఆపైన మొదటి రోజే పూర్తి పని మీద పడుతుంది. అందుచేత కాలువలు కట్టేసిన వేసవిలోనే, అంటే ఊడ్పులకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే, వ్యాయామం మొదలుపెట్టడం మంచిది. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి నిలిచి ఎడమ చేయినీ కుడి కాలినీ, తర్వాత కుడి చేయినీ ఎడమ కాలినీ చాచడం, బోర్లా పడుకొని మోచేతులపై ఛాతీ ఎత్తడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం – ఈ నాలుగూ చాలు. ఒక్కొక్కటి పదేసిసార్లు చొప్పున రెండు విడతలుగా, వారానికి మూడు రోజులు చేసి, తేలిక అనిపించినప్పుడు పెంచండి. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉండి, మర్నాటి ఉదయానికి సర్దుకుంటే భయపడనక్కర లేదు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే సంఖ్య తగ్గించండి కానీ పూర్తిగా మానేయకండి.

ఇక ఎమ్మారై సంగతి. ఏ నొప్పీ లేనివారికి తీసిన స్కానుల్లో సైతం డిస్కు అరుగుదల 20 ఏళ్లవారిలో సుమారు 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి కనిపించిందని 2015లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. కాబట్టి ఆ రిపోర్టు ఒక్కటే చూసి మీ నడుము పాడైపోయిందని అనుకోకండి. కొలతలో చేసే వ్యాయామం వల్ల డిస్కు అరిగిపోదు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని సిఫారసు చేసి, నడుము బెల్టులను రివాజుగా వాడవద్దన్నాయి. నొప్పి బిళ్ల వేసుకొని ఎండలో, సరిగా నీళ్లు తాగకుండా పనిచేయడం మూత్రపిండాలకూ కడుపుకూ చేటు. దాన్ని అలవాటుగా మాత్రం చేసుకోకండి.

పొలంలో అరగంటకోసారి నిటారుగా నిలబడి, చేతులు నడుముపై ఆనించి నాలుగైదుసార్లు వెనక్కి వంగండి. ఎకరానికి ఇంతని గుత్తకు చేసే పనిలో ఒక్కరే ఆగితే మేస్త్రి ఊరుకోడని నాకు తెలుసు. ముఠా అంతా ఒకేసారి ఆగితే వరుసా చెడదు, మాటా పడదు. నారు కట్టలు మోసే పనినీ నాటే పనినీ మార్చి మార్చి చేసుకోవడం కూడా మేలు.

కాలు బలహీనపడటం, మలమూత్ర విసర్జనపై అదుపు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య స్పర్శ పోవడం జరిగితే వ్యాయామం ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితోపాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 52 ఏళ్లు. అంబాజీపేట ప్రాంతంలో కొబ్బరి దింపు కార్మికుడు. కుడి భుజం నొప్పి వల్ల రెండు నెలలుగా చేయి కదపకుండా ఉంచారు. ఇప్పుడు చేయి తలపైకి లేవడం లేదు. మళ్లీ చెట్టెక్కగలరా?

జవాబు: మొదటి కొద్ది రోజుల విశ్రాంతి సరే కానీ, రెండు నెలలు కదపకపోతే భుజం మరింత బిగుస్తుంది. ముందుగా రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి, ఎందుకంటే భుజం బిగుసుకుపోయే జబ్బు మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. అది తగ్గడానికి ఏడాది దాటవచ్చు కాబట్టి ఓపిక అవసరం. ముందుకు వంగి చేతిని వేలాడదీసి ఊపడం, గోడపై వేళ్లతో పైకి పాకించడం రోజూ చేయించండి. కదలిక తిరిగి వచ్చాక గోడను నెట్టడంతో మొదలుపెట్టి బలం పెంచాలి. చెట్టు విషయంలో మాత్రం నాది గట్టి మాట. రెండు చేతులతో కడ్డీ పట్టుకొని తన బరువుతో నొప్పి లేకుండా వేలాడగలిగే వరకూ ఎక్కనివ్వకండి, ఆ తర్వాత కూడా పొట్టి చెట్లతో, తక్కువ సంఖ్యలో చెట్లతో మొదలుపెట్టమనండి. పైన ఉండగా భుజం మొరాయిస్తే జరిగేది నొప్పితో పోదు.

ప్రశ్న: మోకాలి నొప్పికి వేడి కాపడమా, ఐసా?

జవాబు: దెబ్బ తగిలి వాచిన మొదటి రెండు రోజులు ఐసు, పాత బిగువుకు కాపడం హాయినిస్తాయి. రెండూ తాత్కాలిక ఉపశమనాలే. అరుగుదల ఉన్న మోకాలికి తొడ కండరాల బలమే ఆధారం కనుక, పైన చెప్పిన కుర్చీ వ్యాయామం మీకూ పనికొస్తుంది. మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారు మాత్రం కాపడం పెట్టుకోకూడదు. వేడి తెలియక చర్మం కాలిపోతుంది.