అటక మీది ఫ్లాపీలు డ్రైవ్‌లో పెట్టేముందు

అమ్మలూ,

అటక మీది పాత కంప్యూటర్ ఫ్లాపీల డబ్బా దించావనీ, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట మళ్ళీ ఆడిస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే గుండె గుభేలుమంది, ఈపాటికే ఏదో ఒకటి డ్రైవ్‌లోకి తోసేశావేమోనని. తొయ్యకు తల్లీ. ముందు ఇది చదువు.

ఫ్లాపీ రేకు పక్కకు జరిపి, లోపలి పళ్ళాన్ని వెలుతురులో వాలుగా పట్టుకుని చూడు. వెనకాల ఉన్న లోహపు బిళ్ళను వేలితో తిప్పుతూ మొత్తం చూడాలి. తెల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. మన సముద్రపు గాలికి పట్టకుండా ఉండదు. ఫ్లాపీ డ్రైవ్‌లో డేటా చదివే హెడ్డు పళ్ళాన్ని ఆనుకునే ఉంటుంది. పళ్ళెం నిమిషానికి 300 సార్లు తిరుగుతుంటే ఆ బూజు హెడ్డుకి అంటుకుని, పళ్ళెం మీది పూతను గుండ్రంగా గీకేస్తుంది. పూత పోయినచోట ఉన్న డేటాను ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. నేను చేసిన తప్పు ఇదే. ఒకటి చదవలేదని రెండోది, అదీ చదవలేదని మూడోది పెడుతూ పోయాను. మొదటిదానికే బూజు. మిగతా రెండూ శుభ్రంగానే ఉన్నాయి, వాటిని పాడుచేసింది మురికి పట్టిన హెడ్డు. ఒకటి చదవకపోతే అక్కడే ఆగి, హెడ్డు తుడవకుండా ఇంకోటి పెట్టకు.

బూజుకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి, సెల్ రిపేరు సామాన్ల షాపులో దొరుకుతుంది. శానిటైజర్ మాత్రం వద్దు, జిగురు మిగులుతుంది. దూది పుల్లతో రెండు వైపులా మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. ఫ్లాపీ మూల ఉన్న చిన్న కిటికీ తెరిచి ఉంచితే దాని మీద ఏదీ రాయబడదు. ఫార్మాట్ చెయ్యమంటావా అని విండోస్ అడిగితే వద్దను. ఫైళ్ళు ఏరుకోకుండా మొత్తం ఇమేజ్, అంటే ఫ్లాపీ అంతటికీ ఒకే ఫైలుగా నకలు, తీసుకో. 1.44 ఎంబీ ఫ్లాపీకి సరిగ్గా 14,74,560 బైట్లు రావాలి, ఒక్కటి తగ్గినా పని పూర్తికానట్టే.

ఆ తర్వాతదంతా తేలిక. 64 బిట్ విండోస్ పాత 16 బిట్ ప్రోగ్రాములను నడపదు, అందుకే పాత డాస్ కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము కావాలి. ఆటకు విడిగా ఫోల్డర్ పెట్టి దాన్నే మౌంట్ చెయ్యి, అంటే డాస్‌బాక్స్‌కి డ్రైవ్‌లా చూపించు. నీ సి డ్రైవ్ మొత్తాన్ని ఎప్పుడూ ఇవ్వకు, లోపల డిలీట్ కొడితే నిజంగానే పోతాయి. ఆట మరీ పరిగెడితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కు. నత్తనడక నడిస్తే కంట్రోల్, ఎఫ్12. ఆట సౌండ్ సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డు, దాన్ని ఆట కనుక్కునే నంబర్లుగా అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని ఇవ్వు. ఐఆర్‌క్యూ 5 అని వదిలేస్తే చాలా ఆటలు మూగబోతాయి, కొన్ని బిగుసుకుపోతాయి. డాస్‌బాక్స్ సెట్టింగుల్లో ఆస్పెక్ట్ ట్రూ అని మార్చడం మరిచిపోకు. 320 బై 200 చుక్కల బొమ్మ అప్పటి 4:3 తెరను నిండుగా ఆక్రమించేది, అలా సాగదీయకపోతే ప్రిన్స్ పొట్టిగా కనిపిస్తాడు. ఆ ఆట తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి వీడియో తీసి, దాన్నిబట్టి గీసిన పరుగది, దాన్ని నొక్కేసి చూడకూడదు.

డబ్బాలో ఆటతో వచ్చిన పుస్తకం ఉంటే భద్రంగా ఉంచు. ఆట మొదట్లో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా మాట అని చెప్పి, ఆ మాట మొదటి అక్షరం ఉన్న సీసా తాగమంటుంది. తప్పు సీసా తాగితే ముందుకు పోలేవు.

ఈ రాత్రికి లేబుళ్ళ ఫొటోలు పంపు. బూజు కనిపించినవి పక్కన పెట్టి ఉంచు, ఆదివారం ఆల్కహాల్ సీసా తెస్తాను, ఇద్దరం కూర్చుని తుడుద్దాం.

మీ మావయ్య