గోడకు బిగించాకే సామాను సర్దు

చిట్టితల్లీ,

మీ కొత్త ఇంటి హాలు ఫోటోలు మీ అమ్మ నాకు పంపింది. ఖాళీ గదే అయినా ఎంతసేపు చూశానో నాకే తెలియదు. అద్దె గదుల్లో ఒక మడత మంచం, ఒక ప్లాస్టిక్ కుర్చీతో ఏళ్లు నెట్టుకొచ్చినదానివి. ఇవాళ సొంత ఇంటికి ఏ రంగు సోఫా కొనాలా అని ఆలోచిస్తున్నావంటే నా కళ్లు నిండాయి. ఆ సంతోషంలో ఉండగానే నువ్వు కొనాలనుకుంటున్న సామాను ఫోటో కూడా వచ్చింది. నిలువెత్తు పుస్తకాల అల్మరా, పక్కన సన్నటి సొరుగుల బల్ల, దాని మీద టీవీ. అది చూసిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. ఏదీ కొనకముందే టేపు తీసుకుని హాలు కొలువు. హాలుతో పాటు వీధి గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు కూడా కొలవాలి. హాల్లో చక్కగా సరిపోయే సోఫా గుమ్మం దాటలేక వెనక్కి వెళ్లిపోవడం నేను చూశాను. పాత పేపర్లను సోఫా అంత, టీపాయ్ అంత కత్తిరించి నేల మీద పరిచి, ఒకట్రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. ఎక్కడ ఇరుకో మీ కాళ్లే చెప్తాయి. నడిచే దారికి 3 అడుగులు వదలండి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య అడుగున్నర చాలు. టీవీకి ఎంత దూరంలో కూర్చోవాలి అంటావా? తెర కొలతకి ఒకటిన్నర రెట్లు. అంటే 55 అంగుళాల టీవీకి దాదాపు 7 అడుగులు. మీ హాలు అంతకన్నా చిన్నదైతే చిన్న టీవీ కొనుక్కోండి, తప్పేం లేదు.

రంగు మాత్రం షాపువాళ్ల కార్డు చూసి ఖాయం చేసుకోకు. గోడ మీద రెండడుగుల మేర పూసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి లైటు వేశాక ఒకసారి చూడు. అదే రంగు మూడు వేళల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. బల్బుల పెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటే పసుపు ఛాయ వెలుగొస్తుంది, సాయంత్రాలు కూర్చోవడానికి హాయిగా ఉంటుంది.

ఇక నా బెంగ సంగతి. మీ అమ్మ గడ్డం కింద ఒక తెల్లటి గీత ఉంటుంది చూశావా? చిన్నప్పుడు పడ్డానని నీకు చెప్పి ఉంటుంది. తను పడలేదు. తన మీద బల్ల పడింది.

అప్పుడు మీ అమ్మకి నాలుగేళ్లు. మా ముందు గదిలో నాలుగు సొరుగుల టేకు బల్ల ఒకటి ఉండేది. మీ తాతయ్య దగ్గరుండి చేయించుకున్నది. దాని మీద పెద్ద వాల్వు రేడియో. ఆ రోజుల్లో రేడియో అంటే చేత్తో పట్టుకు తిరిగేది కాదు, ఎత్తి పెట్టాలంటే పెద్దవాళ్లకే ఆయాసం వచ్చేది. పిల్లలకి అందకుండా ఉంటుందనే తాతయ్య దాన్ని అంత ఎత్తులో పెట్టారు. బల్ల బరువు చూసుకుని ఆయన ధైర్యం. "ఇద్దరు మగవాళ్లు పడితేగానీ కదలదు, ఇదెక్కడికి పోతుంది" అనేవారు.

మీ అమ్మకి ఆ రేడియో మీట తిప్పాలని ఎప్పటినుంచో ఆశ. ఒక సాయంత్రం అమ్మమ్మ పక్క గదిలో బట్టలు మడత పెడుతోంది. నేను ముందు గదిలోనే కింద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. మీ అమ్మ అడుగు సొరుగు పూర్తిగా లాగి అందులో నిలబడింది. దాని పైది లాగింది. పట్టుకోవడానికి ఆ పైది కూడా లాగింది. నేను తలెత్తేసరికి బల్ల వెనక కాళ్లు నేల మీద లేవు. అరవడానికి కూడా వ్యవధి లేదు. రేడియో జారి మీ అమ్మ తలకి జానెడు దూరంలో పడి పగిలింది. బల్ల దాని వెనకే వచ్చింది. ఎదురుగా తాతయ్య పడక కుర్చీ ఉండబట్టి, దాని చేతికి తగిలి మధ్యలో ఆగింది. మీ అమ్మ ఆ సందులో ఉండిపోయింది. పై సొరుగు అంచు గడ్డానికి కోసుకుంది, కుట్లు పడ్డాయి. ఆ కుర్చీ ఆ పూట కిటికీ దగ్గర ఉండి ఉంటే నువ్వు ఉండేదానివి కాదు. నాకు చెల్లెలు ఉండేది కాదు.

బరువైనది పడదనుకోవడమే అందరూ చేసే పొరపాటు. సొరుగులన్నీ మూసి ఉన్నంతసేపే బల్ల బరువు దాని కాళ్ల మధ్య ఉంటుంది. రెండు మూడు ఒకేసారి తెరిచామా, లోపలి సామానుతో సహా ఆ బరువు ముందుకు వస్తుంది. దానికి చంటిపిల్ల బరువు తోడైతే చాలు. పడేటప్పుడు ఆ బరువే ప్రాణం మీదకి తెస్తుంది.

మర్నాడే తాతయ్య ఇనుప పట్టీలు తెప్పించి బల్లని గోడకి బిగించారు. ఆ తర్వాత ఆయన ఎవరింటికి వెళ్లినా, కూర్చునే ముందు అల్మరా పై అంచు పట్టుకుని ఒకసారి మెల్లగా లాగి చూసేవారు. పెద్దాయన అలవాటు అనుకునేవాళ్లు. ఎందుకో మాకు తెలుసు.

కాబట్టి ఆ అల్మరా ఇంటికి వచ్చిన రోజే, ఒక్క పుస్తకం కూడా సర్దకముందే గోడకి బిగించండి. పై భాగంలో రెండు చోట్ల ఎల్ క్లాంపులు, అంటే ఎల్ అక్షరంలా వంగి ఉండే పట్టీలు, వేయాలి. వెనక ఉండే పల్చటి ప్లైకి వేస్తే ఊడి వస్తుంది, గట్టి చెక్కకే వేయించు. ఇటుక గోడ అయితే పైపూత దాటి ఇటుక లోపలికి డ్రిల్ చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించాలి. జిప్సమ్ బోర్డు గోడ అయితే ఆ బోర్డు ఒక్కటే బరువు ఆపదు, దాని వెనకున్న ఫ్రేములోకి స్క్రూ దిగాలి. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా డ్రిల్ చేయనివ్వకు, లోపల వైర్లు ఉంటాయి. బరువైన పుస్తకాలు కింది అరల్లో పెట్టు. బొమ్మలు, రిమోట్లు పైన పెట్టకు, పిల్లలు ఎక్కేది వాటి కోసమే. టీవీని గోడకే బిగించేయండి. బల్ల మీదే ఉండాలంటే పొట్టిగా, వెడల్పుగా ఉన్న బల్ల చూడు, ఆ సన్నటిది వద్దు.

గోడకి చిల్లులు పడితే అందం పోతుందంటావని తెలుసు. పోనీ. పాప ఇంకా పాకుతోంది కదా, నడిచాక చూద్దాం అని కూడా అనకు. పాకే పిల్ల పట్టుకుని లేచి నిలబడటం మొదలుపెట్టే రోజు నీకు ముందుగా కబురు పెట్టి రాదు. నువ్వు లోపల ఫోన్లో ఉండగా వస్తుంది.

ఇంకో రెండు మాటలు చెప్పి ఈ భయాలు ఆపేస్తాను. కిటికీలకి తాడు లాగే బ్లైండ్లు వద్దు, ఆ తాడు పిల్లల మెడకి చుట్టుకుంటుంది, మామూలు కర్టెన్లు చాలు. ఎక్స్‌టెన్షన్ వైరుని కార్పెట్ కింద దాచకు, వేడెక్కి అంటుకుంటుంది. గాజు టీపాయ్ మీద మనసుంటే టఫెన్డ్ గాజేనా అని అడిగి కొను. అది పగిలినా చిన్న చిన్న పలుకులవుతుంది, మామూలు గాజు కత్తుల్లా చీలుతుంది.

సోఫా ఎంచేటప్పుడు మీ అమ్మని కూడా తీసుకెళ్లు. కూర్చుంటే లోపలికి కూరుకుపోయేవి చూడటానికి బాగుంటాయి గానీ, తన మోకాళ్లతో అందులోంచి లేవలేదు. సీటు 18 అంగుళాల ఎత్తుండి, చేతులు గట్టిగా ఉన్నది చూడండి. అడిగితే నాకేం పర్లేదు అంటుంది, ఆ మాట వినకు. కూర్చోబెట్టి, లేచేటప్పుడు తన మొహం చూడు.

అన్నీ ఒకేసారి కొనేయకు తల్లీ. సోఫా, అల్మరా, లైట్లు వస్తే ఆ హాలు బతకడానికి సరిపోతుంది. మిగతావి ఆర్నెల్లు ఉన్నాక మీకే తెలుస్తాయి. కిటికీ దగ్గర మూల మాత్రం దేనితోనూ నింపకు. చిన్నప్పుడు మా ఇంటికి వస్తే కిటికీ కింద బోర్లా పడుకుని, వెలుగు పోయేదాకా బొమ్మల పుస్తకాలు తిరగేసేదానివి. లైటు వేస్తానన్నా ఒప్పుకునేదానివి కాదు. నీ కూతురికీ అలాంటి చోటు ఒకటి ఉండనీ.

హాలు కొలతలు, అల్మరా ఎత్తు, గోడ ఇటుకదో బోర్డుదో రాసి పంపు. ఏ క్లాంపు, ఎంత పొడవు స్క్రూ కావాలో అడిగి చెప్తాను. అల్మరా వచ్చే రోజు ముందే చెప్పు, నేనూ వస్తాను. బిగించేటప్పుడు పాపని నేను ఎత్తుకుంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ