పాఠకుల ప్రశ్నలు: ఊపిరితో పాటు సాగే ప్రార్థన

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు పేరిట వందనములు. మాది టంగుటూరు దగ్గర ఒక పల్లె. సీజనులో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్తాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చేతికి తీరిక ఉండదు, ఇంటికి వచ్చి మోకరించేసరికి నిద్ర ముంచుకొస్తుంది. ఊపిరి తీసుకుంటూ సగం వాక్యం, విడుస్తూ సగం వాక్యం మనసులో అనుకుంటూ పని మధ్యలోనే ప్రార్థన చేసుకోవచ్చని బెంగళూరులో ఉన్న మా అమ్మాయి చెప్పింది. నాలుగు నెలలుగా అలాగే చేస్తున్నాను. అయితే మా సంఘ పెద్ద ఒకాయన ఇది ప్రాణాయామానికి ఇంకో పేరనీ, ప్రభువు వద్దన్న వ్యర్థమైన మాటలు ఇవేననీ అన్నారు. మానేయమంటారా? ఇంకొక సంగతి: ఆకు దుమ్ముకు ఒక్కోసారి ఆయాసం వస్తుంది, అప్పుడు ఊపిరికీ మాటకూ పొత్తు కుదరడం లేదు.
ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మానవద్దు. మీ సంఘ పెద్దగారి మాటను తేలికగా తీసుకోనూ వద్దు, ఎందుకంటే ఆయన అడిగిన రెండు ప్రశ్నలూ సంఘ చరిత్రలో చాలా పాతవి.

మొదట వ్యర్థమైన మాటల సంగతి. మత్తయి 6:7లో ప్రభువు ఆ మాట అన్న వెంటనే, "విస్తరించి మాటలాడుటవలన తమ మనవి వినబడునని వారు తలంచుచున్నారు" అని కారణం కూడా చెప్పాడు. తప్పు ఆ తలంపులో ఉంది. కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలు ఉదయం నుండి మధ్యాహ్నం దాకా ఒకే కేక వేశారు, అరిచే కొద్దీ దేవుడు కదులుతాడని వారి నమ్మకం. అయితే గెత్సేమనేలో మన ప్రభువే మూడవసారి వెళ్లి మునుపటి మాటలనే పలుకుతూ ప్రార్థించాడని అదే మత్తయి సువార్త చెబుతోంది. 136వ కీర్తనలో ఉన్నవి 26 వచనాలు, "ఆయన కృప నిరంతరముండును" అనే మాట ప్రతి వచనంలోనూ తిరిగి వస్తుంది. ఒకే మాటను మళ్లీ పలకడమే పాపమైతే ఆ కీర్తనను మనం ఆరాధనలో చదవకూడదు.

మన ప్రాంతంలో ఈ అనుమానం మరింత బలంగా ఉండడానికి ఒక కారణం ఉందని నాకు తోస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు దగ్గరి కొండపైన అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర దంపతులూ, వారితో వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిన సంగతి మన సంఘాల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. మనది గొంతెత్తి, సొంత మాటలతో, కన్నీళ్లతో చేసే ప్రార్థన. ఆ స్వాస్థ్యం గొప్పది. కానీ దానికి అలవాటుపడిన చెవికి, పెదవి కదలకుండా చేసే చిన్న ప్రార్థన అసలు ప్రార్థనే కాదన్నట్టు ఉంటుంది.

నిజానికి అది ఆ కొండ మీది ప్రార్థన కంటే చాలా ముందునుంచే ఉంది. ఐగుప్తు ఎడారిలోని సన్యాసులు తాళ్లూ చాపలూ అల్లుకుంటూ, చేతుల్లో పని ఆపకుండానే ప్రార్థించేవారు. వారి ప్రార్థనలు తరచుగా, అతి క్లుప్తంగా, ఈటె విసిరినట్టు ఉంటాయని తాను విన్నట్టు ఆదిసంఘపు బిషప్పు అగస్టీను ఒక విధవరాలికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ప్రార్థన సాగదీస్తే ధ్యాస మొద్దుబారుతుందని వారి భయం, మోకాళ్ల మీదే నిద్రపోయిన మీకు ఆ మాట బాగా అర్థమవుతుంది. ఆ ఎడారిలో కొన్నేళ్లు గడిపిన కాసియను అనే సన్యాసి, సుఖంలోనూ కష్టంలోనూ పట్టుకొని ఉండడానికి 70వ కీర్తన మొదటి వచనం ఒక్కటి చాలని అక్కడి పెద్దలు నేర్పిన సంగతి రాశాడు: "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము." తరువాత తూర్పు (ఆర్థడాక్సు) సంఘాల్లో స్థిరపడిన ప్రార్థన, "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించుము" అనేది, లూకా 18లోని సుంకరి, గుడ్డివాడు వేసిన మొరలను ఒకచోట చేర్చినట్టే ఉంటుంది. యేసు స్మరణ నీ ఊపిరితో ఏకమై ఉండాలని సీనాయి పర్వత మఠాధిపతి యోహాను బోధించాడు.

ఇక ప్రాణాయామం. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో అది నాలుగవది, అక్కడ ఊపిరిని నియమించడమే సాధన. మీరు చేసేది అది కాదు. మీ ఊపిరి దాని దారిన అది వస్తూ పోతూ ఉంటే, దాన్ని ఆసరా చేసుకుని ఒక వ్యక్తిని పేరు పెట్టి పిలుస్తున్నారు. అయితే ఉన్న సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. 13, 14 శతాబ్దాల్లో గ్రీసులోని ఆతోసు కొండ మఠాల సన్యాసుల్లో కొందరు తల వంచి, ఊపిరి నిదానం చేసి ఈ ప్రార్థన చేయమని రాసిపెట్టారు. అప్పుడు కూడా బర్లాము అనే పండితుడు వారిని బొడ్డులో ఆత్మను వెతికేవారని ఎగతాళి చేశాడు. ఆ కొండ సన్యాసే అయిన గ్రెగరీ పలమాసు వారి పక్షాన జవాబిస్తూ, శరీరం దేవుని సృష్టి గనుక అదీ ప్రార్థనలో పాలుపొందవచ్చుననీ, ఊపిరిపై ధ్యాస ప్రధానంగా కొత్తగా నేర్చుకునేవారి మనసు చెదరకుండా ఉండడానికేననీ వివరించాడు. 1341లో కాన్‌స్టాంటినోపులులో కూడిన సభ పలమాసునే సమర్థించింది. అయినా ఊపిరి బిగబట్టే పద్ధతులను ఎదురుగా ఒక పెద్ద లేకుండా ప్రయత్నించవద్దని ఆ సంప్రదాయమే హెచ్చరిస్తుంది. మీకు వాటితో పనే లేదు.

ఈ ప్రార్థన తూర్పు సంఘాలకు మాత్రమే చెందినదని కూడా అనుకోవద్దు. యేసు సభ (జెసూట్లు) స్థాపకుడైన లొయోలా ఇగ్నేషియసు 16వ శతాబ్దంలో తన సాధన గ్రంథంలో, పరలోక ప్రార్థనను ఒక్కో ఊపిరికి ఒక్కో మాట చొప్పున చెప్పుకుంటూ ఆ మాట అర్థం మీద మనసు నిలపమని రాశాడు.

మీరు ఏ వాక్యం వాడుతున్నారో రాయలేదు. తెలుగులో క్రియ చివరికి వస్తుంది గనుక మన భాష దీనికి బాగా ఒదుగుతుంది: పిలుపు లోపలికి వెళ్లే ఊపిరితో, మనవి బయటికి వచ్చే ఊపిరితో. "యెహోవా నా కాపరి" అని తీసుకుని "నాకు లేమి కలుగదు" అని విడవవచ్చు. రోజుకొక వాక్యం మార్చకుండా ఒక్కదానితోనే కొన్నాళ్లు ఉండండి. ఎన్నిసార్లు అన్నారో లెక్క పెట్టవద్దు, లెక్క మొదలైతే మీ పెద్దగారు భయపడినదే నిజమవుతుంది. ఆదివారం ఆరాధనకూ, ఉపవాస కూటానికీ, ఇంటివారి పేరు పేరునా చేసే విజ్ఞాపనకూ ఇది బదులు కాదు.

ఆయాసం వచ్చినప్పుడు మాత్రం ఊపిరిని పూర్తిగా వదిలేయండి. దానికి మాట జతచేయాలని ప్రయత్నిస్తే ధ్యాస రొమ్ము మీదకు పోయి ఆయాసం మరింత ఎక్కువైనట్టు ఉంటుంది. ముందుగా బయట గాలికి వెళ్లి కూర్చోండి, దుమ్ములో పని చేసేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి, తరచుగా వస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. ఆ రోజుల్లో ప్రార్థనను ఊపిరికి కాకుండా చేతికి అప్పగించవచ్చు: ఒక ఆకు తీసి దాని రంగు వరుసలో వేసినప్పుడు "యేసూ" అని, తరువాతి ఆకు వేసినప్పుడు "కరుణించు" అని అనుకోండి.